ఏడో మొక్క

"నాలుగు ఆకులు గిల్లే ఉద్యోగానికి సెలవు దొరకదా?" అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. ఆయన అక్కా బావా నాలుగు రోజులుండడానికి వస్తున్నారు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆడపడుచు వస్తే కోడలు ఇంట్లో లేకపోతే ఏం బావుంటుందమ్మా" అంది. ఆవిడ అమ్మా అని పిలిచిందంటే పని పడిందన్నమాటే. కోడలు సెలవు పెట్టేసింది.

ఆకులు గిల్లడమే ఆమె పని, నిజమే. వాళ్ళ ల్యాబులో గోధుమలోకి బయటి జన్యువేదీ తెచ్చి పెట్టరు. గింజల్ని మందులో నానబెట్టి మొలిపిస్తే, జన్యువుల్లో అక్కడక్కడా చిన్న మార్పులు వస్తాయి. వేడిని తట్టుకునే మార్పు ఏ మొక్కకి వచ్చిందో వెతకాలి. ఎనిమిది మొక్కల ఆకులు ఒకే గొట్టంలో కలిపి పరీక్షిస్తారు. మార్పు కనబడితే ఆ ఎనిమిదింటినీ మళ్ళీ విడివిడిగా చూస్తారు. ఆరేళ్ళు కళ్ళు కాయలు కాసేలా వెతికితే, సెలవుకి ముందురోజు సాయంత్రం ఓ గొట్టం తాలూకు ఎనిమిదింటిలో ఏడో మొక్కకి ఆ మార్పు కనబడింది. పీలగా, జానెడైనా లేదు పిచ్చిది. ఎర్ర ట్యాగు కడదామని గ్రీన్‌హౌస్ వైపు నడుస్తుంటే అత్తగారి ఫోను. "వాళ్ళు స్టేషన్లో దిగిపోయారట. దుప్పట్లైనా మార్చలేదు నువ్వు!"

పరిగెత్తింది. మర్నాడు ల్యాబుకి ఫోన్ చేసి చెబుదామనుకుంది. పొయ్యీ, సింకూ, మళ్ళీ పొయ్యీ. నాలుగు రోజులూ ఊపిరి సలపలేదు.

తిరిగి వెళ్ళేసరికి తోటమాలి నవ్వుతూ ఎదురొచ్చాడు. "బలహీనంగా ఉన్నవన్నీ పీకేశానమ్మా, మీకు శ్రమ లేకుండా."

అతన్ని ఏమనగలదు? ట్యాగు లేని పీల మొక్కల్ని పీకడమే అతని పని. ఖాళీ కుండీ ముందు కూలబడింది. వెళ్ళేటప్పుడు ఆడపడుచు "నీ చేతి కూర అద్భుతం" అన్న మాట గుర్తొచ్చి మరీ ఏడ్చింది. ఆరేళ్ళకి ఆమెకు దక్కిన మెప్పు అదొక్కటే.

తల్లి మొక్క గింజలు పదకొండు మిగిలున్నాయి. వాటిలో ఒక్కదానికైనా ఆ మార్పు ఉంటుందేమో, ఉండకపోవచ్చు కూడా. పదకొండూ విత్తి, పదకొండింటికీ ట్యాగులు కట్టి, భర్తకి ఫోన్ చేసింది.

"నా మొక్క పోయిందండీ. మళ్ళీ గింజలు వేశాను. ఇవి కంకి వేసేదాకా ఇక్కడి గెస్ట్‌రూంలోనే ఉంటాను."

ఏ మొక్క అని అడుగుతాడేమోనని ఎదురుచూసింది.

"మరి రేపు వంట?" అన్నాడు.

"కంకి వేశాక కూడా రానండీ" అంది.