తుడవని గోడ

"ఇన్సూరెన్స్ ఆయన వచ్చే వేళయింది. ఆ గోడ ఓసారి తుడిచెయ్యి అమ్మాయ్, చూసినవాళ్ళు ఏమనుకుంటారు" అంటూ అత్తగారు బకెట్టూ గుడ్డా తెచ్చి కోడలి కాళ్ళ దగ్గర పెట్టారు.

పోయిన నెలా సరిగ్గా ఇదే మాట. గోడలో నీళ్ళ పైపు ఉన్నట్టుండి పగిలి పిల్ల గది తడిసి ముద్దయింది. వారం తిరక్కుండా మంచం వెనక నల్లటి బూజు పట్టింది. పిల్ల బడికి వెళ్ళగానే ముక్కుకి చున్నీ కట్టుకుని, ఘాటైన మందు నీళ్ళతో ఆ గోడ తోమేది. సాయంత్రానికి చుక్కలు మళ్ళీ తేలేవి, పొద్దున్నే మళ్ళీ తోమేది. నష్టం చూడ్డానికి ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి వస్తున్నాడని తెలిసిన రోజు రెండుసార్లు తోమింది. ఆయన తళతళలాడే గోడని చూసి, కాఫీ తాగి, "నష్టం కనపడలేదు" అని రాసుకుని వెళ్ళాడు.

కంపెనీకి ఫోన్ చేస్తే "బూజు దులుపుకోవడం ఇంట్లోవాళ్ళ పనే కదండీ" అన్నారు. పక్కనే కూర్చుని విన్న భర్త పగలబడి నవ్వాడు. "విన్నావా, బూజుకర్ర కొనుక్కోమంటున్నారు నిన్ను." సాలెగూటికీ గోడని తినేసేదానికీ ఒకటే పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, వాళ్ళు జన్మలో ఏదీ దులిపి ఉండరు అనుకుంది ఆమె.

నవ్వు ఆమెకి రాలేదు. పిల్ల దగ్గితే చాలు, ఆ నల్లచుక్కలు ఊపిరితిత్తుల్లో కూడా మొలుస్తున్నట్టు కళ్ళకు కట్టేది. గోడ పగలగొట్టి కొత్తగా కట్టిస్తే తప్ప దగ్గు తగ్గదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. "పైన రంగేయిస్తే పోతుంది, నీకు అన్నిటికీ భయమే" అన్నాడు భర్త. భయమే. పదో తరగతితో ఆపేసిన చదువు, ఏ కాగితం చూసినా చెమటలు. అయినా కూర్చుని, రెండుసార్లు చించి, మూడోసారి సొంత చేతిరాతతో కంపెనీకి మళ్ళీ అర్జీ పెట్టింది. జవాబులో చివరి వాక్యాన్ని వేలు పెట్టి నాలుగుసార్లు చదివింది. మా మనిషి మళ్ళీ వచ్చి చూసేవరకు ఆ గోడకు రంగు వేయరాదు, శుభ్రం చేయరాదు.

పిల్ల పడక హాల్లోకి మార్చింది. గది తలుపు మూసి, కింద సందులో పాత దుప్పటి కుక్కింది. పద్దెనిమిది రోజులు. ఆ గది ముందు నుంచి నడిచినప్పుడల్లా చేతులు దురద పెట్టేవి. ఇంత మురికి కొంపా అని కంపెనీ ఆయన చీదరించుకుంటే? నీదే తప్పని రాసేస్తే? గోడే కూలిపోతే? అనుకుంటూనే గుడ్డ ముట్టుకోలేదు.

ఇప్పుడూ ముట్టుకోలేదు. బకెట్టు తీసుకెళ్ళి బాత్రూంలో ఒంపేసింది.

"నా మాటకి విలువే లేకుండా పోయింది ఈ ఇంట్లో" అన్నారు అత్తగారు.

"ఈ ఒక్కరోజుకీ నన్ను వదిలెయ్యండి అత్తయ్యా."

అంతలో బెల్లు మోగింది. పోయిన నెల వచ్చిన మనిషే. గది తలుపు తీయగానే కర్చీఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. గోడ నేల నుంచి కిటికీ దాకా నల్లగా నూగుపట్టి ఉంది. ఆయన ఫైలు తిరగేశాడు. "నేను వచ్చినప్పుడు ఇదేం లేదే. ఆ తర్వాత మీరు పట్టించుకోకపోతే కంపెనీ ఏం చేస్తుంది?"

"నేను ఆఫీసులో ఉంటానండీ. ఇల్లు చూసుకునేది ఆవిడే" అన్నాడు భర్త, తలుపు దగ్గర్నుంచే.

ఆమె కంపెనీ ఉత్తరం ఆయన ఫైలు మీద పెట్టి, చివరి వాక్యం మీద వేలు ఉంచింది.

"అప్పుడూ ఉందండీ. పోయినసారి మీరు చూసింది గోడని కాదు, నా చాకిరీని. ఇవాళ గోడని చూసి రాసుకోండి."