స్వామి వెనక దీపం

నేను ఒక పసుపు దీపాన్ని. కారు స్టీరింగు వెనక, వేగం చూపే ముల్లు పక్కన, గోరంత జాగా నాది. నా మీద మెలికలు తిరుగుతూ జారిపోతున్న కారు బొమ్మ ఉంటుంది. నాకు నోరు లేదు. వెలగడం, ఆరడం, అంతే నా భాష. అది చదివిన మనిషి నాకు ఒక్కరే దొరికారు.

ఆవిడ నా మొదటి యజమాని, బ్యాంకు మేనేజరు విశాలాక్షి గారు. కారు కొన్న రోజే దాంతో ఇచ్చిన పుస్తకం ఆసాంతం చదివి, డ్రైవరును పిలిచారు.

"చూడు నాయనా, తాళం తిప్పగానే ఈ దీపం వెలిగి ఆరిపోతే బండి బాగున్నట్టు. దారిలో టపటపా కొట్టుకుంటే చక్రం జారుతోందని, బండే ఇంజను జోరు తగ్గించి పట్టు తెచ్చుకుంటోందని. నువ్వు కాలు కాస్త తియ్యి, చాలు. ఆరకుండా ఉండిపోయిందనుకో, ఇక ఆ కాపలా లేనట్టే. బాగుచేయించేదాకా వానలో తియ్యొద్దు."

"ఇంత లైటుకి అంత భయమేటమ్మగారూ?"

"లైటుకి కాదు. లోయకి."

చక్రాల వేగం కనిపెట్టే సెన్సార్లు లోపల ఉంటాయి. వాటి మీద బురద పేరుకోకుండా ఆవిడ దగ్గరుండి కడిగించేవారు. అంత శ్రద్ధ పెట్టిన మనిషి, ఉద్యోగం మానేశాక నన్ను అమ్మేశారు.

అనకాపల్లిలో పాత కార్ల బ్రోకరు గౌరీశు చేతికి వచ్చేసరికి ఎడమ ముందు చక్రం దగ్గర తీగ తెగిపోయింది. నేను వెలిగాను. ఆరలేదు.

"సెన్సారు తీగ తెగిపోనాది, మార్చాల" అన్నాడు మెకానిక్కు.

"సాయంత్రం కొనే పార్టీ వస్తన్నాడ్రా. లైటు కనబడకపోతే చాలదేటి?"

"నల్ల టేపెయ్యనా?"

"టేపు చూస్తే అనుమానపడతాడు." గౌరీశు జేబులోంచి సింహాద్రి అప్పన్న స్టిక్కరు తీసి, సరిగ్గా నా మీద అతికించాడు. "స్వామిని ఎవడు పీకుతాడ్రా?"

మనుషుల గురించి అతనికి తెలిసినంత నాకెప్పుడూ తెలియలేదు.

కొన్నవాడు పైడిరాజు, పాడేరులో టైలరు. పెళ్ళైన చాలా ఏళ్ళకి భార్య నూకరత్నం కడుపుతో ఉంది. ఘాట్ రోడ్డులో బస్సు కుదుపులు ఆమెకు పడకూడదని ఈ కారు. అతను తాళం తిప్పగానే నేను చేతనైనంత గట్టిగా వెలిగాను. స్టిక్కరు అంచుల చుట్టూ పసుపు కాంతి చిమ్మింది.

"మావా, సూడు! స్వామి ఎనకాల ఎలుగు!" అంది పక్కన కూర్చున్న నూకరత్నం.

"నేనే పెట్టించానమ్మా" అన్నాడు గౌరీశు, కళ్ళు ఆర్పకుండా.

ఆనాటి నుంచి బండెక్కిన ప్రతిసారీ ఇద్దరూ నాకు దండం పెట్టారు. లోకంలో ఏ ప్రమాద హెచ్చరికకూ అంత మర్యాద జరిగి ఉండదు. పైడిరాజు కారును అద్దంలా తుడిచేవాడు, పువ్వులు పెట్టేవాడు. చక్రం లోపలికి మాత్రం తొంగిచూడలేదు. చూడమని చెప్పాల్సింది నేనే. నా ముందు దేవుడున్నాడు.

ఎనిమిదో నెలలో అనకాపల్లి ఆసుపత్రికి వెళ్ళి తిరిగొస్తున్నారు. కొండ కింద వాన అందుకుంది. పైడిరాజు బండి ఆపాడు.

"రత్నం, ఈ పూట మీ అప్పింటికి పోదామేటి? వాన తగ్గేలా లేదు."

"ఈ పొట్టేసుకుని దాని ఇరుకింట్లో నానెక్కడ పడుకోను? మావా, అటు సూడు. స్వామి ఎంత ఎలుగుతున్నాడో. పద, ఏటీ అవదు."

అతను చూశాడు. దండం పెట్టాడు. గేరు వేశాడు.

సగం కొండ ఎక్కాక ఒక మలుపులో కొట్టుకొచ్చిన ఎర్రమట్టి. ముందు లారీ ఆగింది, మేమూ ఆగాం. లారీ కదిలాక పైడిరాజు కాలు నొక్కాడు. ఎడమ చక్రం మట్టిలో ఉత్తినే తిరిగింది. విశాలాక్షి గారి రోజుల్లో అయితే ఆ క్షణంలో ఇంజను తగ్గేది, చక్రం నేలను పట్టుకునేది. ఇప్పుడు పట్టించుకునేవాళ్ళు లేరు. అతను భయపడి ఇంకా నొక్కాడు. చక్రం ఇంకా జోరుగా తిరిగింది. కారు పక్కకి తిరిగి, వెనక్కి జారి, రాళ్ళకట్ట తెంచుకుని లోయలోకి ఒరిగింది.

"అప్పన్నా!" అంది నూకరత్నం. ఆమె చూపు నా మీదే ఉంది.

తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. పైడిరాజుకు చెయ్యి విరిగింది.

తుక్కైన నన్ను పోలీసుస్టేషను పెరట్లో పడేశారు. కొన్నాళ్ళకి పైడిరాజు వచ్చాడు, స్వామిని ఇంటికి తీసుకుపోతానని. బండిని పక్కకి లాగడానికి వచ్చిన క్రేను మనిషి స్టీరింగు వదులవ్వాలని తాళం తిప్పాడు. బ్యాటరీలో ఇంకా ప్రాణముంది. పైడిరాజు బాగున్న చేత్తో మెల్లగా స్టిక్కరు ఊడదీశాడు.

మొదటిసారి అతని ఎదుట నిలబడ్డాను. పసుపుగా, నిండుగా.

"ఇదేటన్నా?"

"చక్రం జారకుండా సూసే మెషిను పాడైందని లైటు. ఇది ఎలుగుతుంటే వానలో తియ్యకూడదు బాబూ. ఎన్నాళ్ళ నుంచి ఎలుగుతుంది?"

స్వామి పైడిరాజు వేలికి అంటుకునే ఉన్నాడు. అతను నన్ను చూశాడు. తర్వాత వంగి, ఆ స్టిక్కరును మళ్ళీ నా మీదే పెట్టి, బొటనవేలితో అంచులన్నీ గట్టిగా అదిమాడు.

క్రేను మనిషి తాళం తీసేశాడు. స్వామి వెనక వెలుగు ఆరిపోయింది.