గాలిపెట్టె

నేను కార్ల ఇన్సూరెన్సు సర్వేయర్ని. యాక్సిడెంట్ ఎలా జరిగిందో బండి యజమాని చెప్పే కథ వినడం, అందులో అబద్ధం ఎక్కడుందో పట్టుకోవడం నా ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా ఆటోనగర్ షెడ్లలో ఇదే పని. ఇంటికొచ్చాక కూడా ఆ బుద్ధి నిద్రపోదు. పాలవాడు నవ్వుతూ పలకరించాడంటే ఇవాళ నీళ్ళు ఎక్కువ కలిపాడని నాకు అర్థమైపోతుంది. "దేవుడు ప్రత్యక్షమైనా మీరు ముందు ఆధార్ కార్డు అడుగుతారు" అంటుంది మా ఆవిడ రమాసుందరి. అడిగితే తప్పేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

రమాసుందరి కాలేజీలో జువాలజీ చెబుతుంది. డిగ్రీ చదివే రోజుల్లో విశాఖపట్నంలో ఎన్‌సిసి నేవల్ వింగు తరఫున తెరచాప పడవలు నడిపింది. పెళ్ళితో అది ఆగిపోయింది. యాభై దాటాక, పెడనలో ఒక చిన్న పాత పడవ ట్రైలర్‌తో సహా అమ్మకానికి ఉందని తెలిసి, రెండు రోజులు ఏమీ మాట్లాడకుండా తిరిగి, మూడో రోజు నన్ను కూర్చోబెట్టింది.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను కొన్న ప్రతి వస్తువునీ మీరు విప్పి చూశారు. కుక్కర్ని కూడా వదల్లేదు. ఈ ఒక్కదాన్ని మాత్రం నా మీద నమ్మకంతో వదిలేయండి. విప్పనని మాటివ్వండి" అంది.

ఇచ్చాను. ఆమె నన్ను అంత సూటిగా ఏదైనా అడగడం అరుదు.

పడవ యజమాని పేరు వెంకటప్పయ్య. డెబ్బై దగ్గర పడ్డ మనిషి, నేత నేసేవాడు. మగ్గం ఆగిపోయాక షామియానాలు కుట్టి బతుకుతున్నాడు. నది ఒడ్డున ఏదో రిసార్టు వాళ్ళు చినిగిన తెరచాప బాగుచేయమని పడవతో సహా ఇతని దగ్గర దింపి, రిసార్టు మూతపడ్డాక మళ్ళీ రాలేదట. చివరికి నువ్వే ఉంచుకోమని కాగితం రాసిచ్చారట. తనే బాగుచేసుకుని, తనే నడపడం నేర్చుకున్నాడట. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక అమ్ముతున్నాడట. ఇన్ని 'అట'లు ఒకేచోట కలిస్తే నేను పెన్ను తీస్తాను.

పెడన వెళ్ళి పడవని చూడగానే మూడు విషయాలు తేడాగా అనిపించాయి. ట్రైలర్‌కి కొత్త పెయింటు వేసి ఉంది. మేం చెప్పిన ధరకి అతను మారు మాట్లాడకుండా తలూపాడు. పైగా "అమ్మగారికి ఈత వచ్చాండి?" అని ముచ్చటగా మూడుసార్లు అడిగాడు. తన వస్తువు మీద తనకే నమ్మకం లేనివాడు తప్ప కొనేవాళ్ళ ఈత గురించి ఎవడు అడుగుతాడు?

నాలుగోది కూడా ఉంది. పడవ ముక్కు దగ్గర, కూర్చునే బల్ల ముందు, ఫైబర్‌తో నాలుగు వైపులా మూసేసిన ఒక పెట్టె. మూత లేదు, తాళం లేదు.

"ఇందులో ఏముంది?" అన్నాను.

"గాలేనండి."

"గాలికి ఇంత బందోబస్తా?"

"పడవ బోల్తా పడ్డా అందులో గాలుంటే మునగదండి. మనిషి పట్టుకుని ఉండొచ్చు. దాని జోలికి మాత్రం పోమాకండి, సార్."

రమాసుందరి తలూపింది. నేను ఊపలేదు. "ఆ డోర్ తియ్యమాకండి, లాక్ పాడైంది" అన్న ప్రతి కారులోనూ ఆ డోర్ వెనకాలే నాకు అసలు సంగతి దొరికింది.

మా బొలేరోకి హుక్కు వెల్డింగ్ చేయించి పడవని పామర్రు మీదుగా ముప్పై స్పీడులో తెచ్చాం. కంకిపాడులో టీ కోసం ఆగితే ఒకాయన పడవ చుట్టూ తిరిగి చూసి, "ఈ ఏడు కూడా వరద వస్తుందంటారా?" అని నెమ్మదిగా అడిగాడు. రమాసుందరి నవ్వి నవ్వి టీ ఒలకబోసుకుంది.

ఇంటి ముందు టార్పాలిన్ కింద పెట్టించాం. ఆ తర్వాత రెండు రోజులకోసారి వెంకటప్పయ్య ఫోను. "ఎప్పుడు దింపుతారండి? నేనూ వస్తాను." అమ్మేసిన వస్తువుతో అతనికేం పని? ఒకరోజు పెట్టె మీద వేలితో కొట్టి ట్రైలర్‌ని కాస్త ఊపాను. లోపల ఏదో టిక్కుమని కదిలింది. గాలి టిక్కుమనదు.

ఆమె కాలేజీకి వెళ్ళిన ఒక మధ్యాహ్నం, బల్ల కింద ఎవరికీ కనపడని మూల, పెట్టెకి అరంగుళం బెజ్జం వేశాను. మాటిచ్చింది విప్పనని కదా, బెజ్జం వేయనని కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. టార్చి పట్టి, తీగ పెట్టి కెలికాను. గోరంత ఫైబర్ పెచ్చు ఒకటి ఊడి పడి ఉంది. అంతకు మించి ఏమీ లేదు. నిజం చెప్పొద్దూ, నిరాశపడ్డాను. షెడ్డు నుంచి తెచ్చిన లప్పంతో బెజ్జం పూడ్చి, అరగదీసి, తెల్ల పెయింటు వేశాను. కార్ల సొట్టలకి వాడే లప్పమే. పని ఎంత బాగా కుదిరిందంటే, సర్వేకి వెళ్తే నేనే పట్టుకోలేను.

ఆదివారం పొద్దున బ్యారేజీకి పైన రేవులో పడవని దింపాం. వెంకటప్పయ్య మొదటి బస్సుకే వచ్చేశాడు. తాడు తాడూ లాగి చూశాడు, తెరచాప కుట్లు వేలితో తడిమాడు. చేపలు పట్టే ఆరోన్ తన మోటారు పడవతో తోడుగా ఉన్నాడు. లైఫ్ జాకెట్ వేసుకుని రమాసుందరి తాడు అందుకున్న తీరు చూశాను. ఇన్నేళ్ళూ ఈ మనిషి మా ఇంట్లోనే ఉందా అనిపించింది.

నది మధ్యకి వెళ్ళాక ఒక్కసారిగా గాలి తిరిగింది. పడవ పక్కకి ఒరిగి బోల్తా పడింది. ఆమె తల పైకొచ్చింది. పడవ అంచు పట్టుకుని, ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపింది.

"ఏం కాదండి. పెట్టె ఉందిగా" అన్నాడు ఒడ్డున నా పక్కనే నిలబడ్డ వెంకటప్పయ్య.

కానీ పడవ ముక్కు దిగుతోంది. పక్కనే బుడగలు లేస్తున్నాయి. చూస్తుండగానే ఆమె పట్టుకున్న అంచు నీళ్ళలోకి పోయింది, చేతులు ఖాళీ అయ్యాయి. తెరచాప తాడు కాలికి చుట్టుకున్నట్టుంది, జాకెట్ ఉన్నా ఆమె ఒకసారి కిందికి వెళ్ళి వచ్చింది. నేను జన్మలో అంత భయపడలేదు. ఆరోన్ వెళ్ళి తాడు కోసి, ఆమెని పైకి లాగి, పడవని కూడా ఒడ్డుకి ఈడ్చుకొచ్చాడు.

"మునగదన్నావుగా!" నేను వెంకటప్పయ్య మీద పడ్డాను. "మా ఆవిడ పోయుంటే? మొదటిరోజే అనుకున్నా, ఇందులో ఏదో మోసం ఉందని."

అతను కష్టం మీద మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కిందకి చెయ్యి పోనిచ్చాడు. తెగిన పోగుని తడిమి పట్టుకునే వేళ్ళు అవి, చూడకుండానే ఒకచోట ఆగాయి. నానిపోయిన లప్పం ముద్ద వేళ్ళకి అంటుకొచ్చింది. దాన్ని కాసేపు నలిపి, వాసన చూసి, నా మొహంలోకి చూశాడు. ఇంకేమీ దాచడానికి లేదని నాకు తెలిసిపోయింది.

అతను తల తిప్పి, తువ్వాలు కప్పుకుని వణుకుతున్న రమాసుందరితో అన్నాడు. "తప్పు నాదేనమ్మా. ఎప్పుడో నేనే బెజ్జం వేసి పూడ్చాను. చెప్పడం మర్చిపోయాను."

ఇరవై ఆరేళ్ళలో అంత చేతకాని అబద్ధం నేను వినలేదు. అది నా కోసం చెప్పిన అబద్ధం. నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఆమె నా వైపు చూస్తోంది. నేనేమంటానా అని ఎదురుచూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆయన కాదు. నేను" అన్నాను.

"ఎప్పుడు?"

"మొన్న మంగళవారం. నువ్వు కాలేజీకి వెళ్ళినప్పుడు."

కాలికి తాడు ఒరుసుకుపోయిన చోట ఆమె నెమ్మదిగా రుద్దుకుంది. గొంతు పెంచలేదు.

"ఏం దొరికింది లోపల?"

"గాలి" అన్నాను.

"అది ఆయన మొదటిరోజే చెప్పారు కదండీ" అంది. ఆ పైన నా వైపు చూడలేదు. వెంకటప్పయ్య గారికి చెయ్యి అందించి, మెల్లగా పైకి లేపింది.