వేదాద్రి దారిలో నా పొలం

నా కాఫీ బాగుందని మా ఆయన నలుగురిలో అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నీళ్ళలా ఉందనో చల్లారిందనో తప్ప ఆ నోట ఇంకో మాట వినలేదు.

వరండాలో జగ్గయ్యపేట పెద్దమనుషులు కూర్చున్నారు. మూతపడిన రంగుల ఫ్యాక్టరీ స్థలాన్ని శుభ్రం చేయించడానికి చందాలు వేసుకుంటున్నారు. ఆ మట్టిలోని విషం బావుల్లోకి దిగి మా వీధి నీళ్ళు పచ్చబడ్డాయి. ఎక్కడో ఉన్న బోరింగు దాకా వెళ్ళి బిందెలు మోస్తున్నది మేము, ఆడవాళ్ళం. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. అయినా నీళ్ళు బాగుపడితే అంతే చాలనుకున్నాను. జగన్నాథరావుగారు అయిదొందలన్నారు. మిగతావాళ్ళూ వెనక్కి తగ్గలేదు. తవ్విన మట్టి ఎక్కడ పోయాలన్న మాట వచ్చేసరికి మాత్రం ఒక్కరూ నోరెత్తలేదు.

"దానికేముందండీ, వేదాద్రి దారిలో మా ఆవిడ పొలం ఉందిగా! ఉత్త బీడు. మా వాటా కింద అది రాసుకోండి," అన్నారు మా ఆయన.

గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. అది మా అమ్మా నాన్నా పసుపు కుంకుమ కింద నాకు రాసిచ్చిన పొలం. నా పేరున ఉన్నది అదొక్కటే. బీడట! మొన్న ఆయన లొట్టలేసుకుంటూ తిన్న గారెలు ఆ చేలో మినుములవే. "ఆడదాని పేరున ఉంటే మాత్రం ఏంటి, చూసుకునేది మగాడేగా," అని మా అత్తగారు ఎన్నిసార్లు అన్నారో. చూసుకోవడమంటే ఇదన్నమాట. ఒళ్ళు మండిపోయింది.

వాళ్ళు వెళ్ళగానే అడిగేశాను. "నన్నడక్కుండా ఎలా ఇచ్చేశారండీ?"

"ఊరి కోసమేగా భారతీ."

"ఊరి కోసమైతే అందరిలాగే డబ్బిద్దాం. కావాలంటే నా గొలుసు తాకట్టు పెట్టండి. నా చేలో తట్టెడు మట్టి పడ్డానికి వీల్లేదు."

ఆయన నవ్వారు. "సరేలే, నీ ఇష్టం. వద్దని చెప్పేస్తా."

అరవలేదు, కంచం తోసెయ్యలేదు. పైగా మర్నాడు పొద్దున్నే, "నాలుగు రోజులు మీ అమ్మ దగ్గర ఉండి రారాదూ," అంటూ తనే సంచీ మోసి నందిగామ బస్సెక్కించారు. పుట్టింటికి వెళ్తానంటే చాలు, ఇక్కడ వంటెవరు చేస్తారని విసుక్కునే మనిషి! బస్సు కదిలాక కూడా చెయ్యూపుతూనే ఉన్నారు.

దారిలో చిల్లకల్లులోనే దిగిపోయి వేదాద్రి బస్సు పట్టుకున్నాను.

నా పొలం కౌలుకి చేస్తున్న మీరాబీ గట్టు మీదనుంచి పరుగెత్తుకొచ్చింది. "ఇదేందమ్మా, ఒక్కరే వచ్చారు?"

"నాలుగు రోజులూ నీ దగ్గరే ఉంటా మీరాబీ. ఏ లారీ వచ్చినా చేలోకి దిగనియ్యొద్దు. ముందు సీట్లో మా ఆయన కూర్చునున్నా సరే."