ఫలితం: సంతృప్తికరం

గిన్నెలు తోముతుంటే మా ఆయన వచ్చి నా తడిచేతికి ఒక ఫారం అందించాడు. "చెల్లి పేరు మీద సంతకం పెట్టెయ్. అది పెన్ను ముట్టుకోదుగా."

ముట్టుకోదు. నా ఆడపడుచుకి పెన్నూ, తలుపు గడియా, మొగుడూ అన్నీ మురికే. ఈ మూడింట్లో ఒకదాని విషయంలో ఆమెకి ఏ జబ్బూ లేదని నా అభిప్రాయం. రోజుకి వందసార్లు కడిగి కడిగి చేతుల తోలు ఊడగొట్టుకుంది. మొగుడు తెచ్చి మా ఇంట్లో దింపి పోయాడు. ఇప్పుడు బావా బావమరుదులు కలిసి మెదడుకి ఆపరేషన్ చేయించాలని తీర్మానించారు. రెండు బుర్రలు కలిసింది మూడో బుర్ర కొయ్యడానికి! ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టే తెలివి.

"మరి మందుల సంగతి?"

"రెండు వారాలు వాడాంగా. రోగి ఒప్పుకుంటే తప్ప చెయ్యరట, అదో చాదస్తం. నువ్వు ఆ ఆసుపత్రిలోనే పనిచేస్తావు, ఎవరూ అనుమానించరు."

ఆ చాదస్తం ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. మానసిక ఆసుపత్రి రికార్డు గదిలో పాత కేసు కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించడం నా ఉద్యోగం. డెబ్భై ఏళ్ళ కిందటి పెద్ద డాక్టర్లు కంటి పైనుంచి సన్నటి ఇనప చువ్వ దింపి, మెదడులో పోగులు తెంపి, చప్పట్లు కొట్టించుకున్నారు. ఆర్నెల్లకి, రోగి ఎలా ఉందని అడుగుతూ ఇంటికో కార్డు పంపేవారు. జవాబు రాసేది మొగుడు. "ఇప్పుడు ఎదురు చెప్పడం లేదు. వంట చేస్తోంది. ఉప్పు వెయ్యమంటే వేస్తుంది. ఆపమనే దాకా వేస్తూనే ఉంటుంది." కింద డాక్టరు రాత: ఫలితం సంతృప్తికరం. శస్త్రం వాళ్ళది, శాస్త్రం వాళ్ళది, శాస్తి ఆవిడది. రోగి సంతకం చోట కూడా మొగుడి సంతకమే.

"ఒక్క సంతకానికి ఇంత ఆలోచనేమిటే? నీకూ దాని జబ్బు అంటుకుందా?" అన్నారు అత్తగారు.

ఆలోచన అంటుజబ్బు కాదండీ. అయ్యుంటే ఈ ఇంట్లో ఇంకొకరికైనా వచ్చేది. పైకి అనలేదు లెండి.

ఫారం పట్టుకుని ఆడపడుచు గదిలోకి వెళ్ళాను. ముందు పేజీల్లో మా ఆయన నింపినవి చదివి వినిపించాను. "అన్ని మందులూ ఏళ్ళ తరబడి వాడింది. ఆపరేషన్ ఆమె కోరిక."

ఆమె నవ్వింది. "నా కోరిక ఎవరడిగారు వదినా?"

"నేను అడుగుతున్నా."

పుళ్ళు పడ్డ చేతులు నా ముందు చాచింది. "భరించలేకపోతున్నా. ఇది పోవాలి. చివరికి ఆపరేషనే గతైతే అదీ సరేనేమో. కానీ అంతకుముందు ఏమేం ఉన్నాయో నాకు చెప్పాలి. వాళ్ళకి కాదు, నాకు."

గుమ్మంలోంచి మా ఆయన. "పెట్టావా లేదా?"

"లేదు."

"ఏం, రాయడం మర్చిపోయావా? ఇలా తే, నేనే పెడతా."

"పెట్టుకోండి. రేపు పొద్దున మీ చెల్లెల్ని వెంటబెట్టుకుని మా ఆసుపత్రి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నా. ఈ పేజీలు నింపింది ఎవరో అక్కడ రాసిస్తా. దాని కింద నా సంతకం నేనే పెడతా."