సగం గ్లాసు టీ

నేను ఒక టీ కెటిల్‌ని. ఒక కార్ఖానాలో అల్యూమినియం రేకు నుంచి పుట్టాను. పెరిగింది విజయనగరంలో, బస్టాండు పక్క హోటల్లో. అక్కడ నా చుట్టూ చేరిన మగమహారాజులు ప్రభుత్వాలను కూల్చేవారు, నిలబెట్టేవారు. పక్కనే కూర్చున్నవాణ్ని మాత్రం ‘రాత్రి నిద్ర పట్టిందా?’ అని ఒక్కరూ అడగగా వినలేదు. గ్లాసు అంచుదాకా నిండకపోతే కుర్రాడికి తిట్లు పడేవి. నా పిడి ఊడగానే యజమాని నన్ను పాత సామాన్లవాడి బండిలో పడేశాడు.

అక్కడి నుంచి నన్ను ఏరుకున్నవాడు అసిరయ్య. ఒకప్పుడు బస్సు కండక్టరు. పిడికి తీగ చుట్టించి, శనివారం మధ్యాహ్నాలు తమవాళ్లు కలుసుకునే గదికి తీసుకెళ్లాడు. తమవాళ్లంటే చుట్టాలు కారు. మనసుకు జబ్బు చేసి, మందులు వాడుతూ కోలుకుంటున్నవాళ్లు. ఆ గదిలో డాక్టరు ఉండడు. ఆ బాధ పడ్డవాళ్లే ఒకరికొకరు తోడు. వచ్చినవాళ్లను ముందుగా అడిగేది నిద్ర గురించే.

మొదటిరోజు గ్లాసులన్నీ సగానికే పోయడం చూసి, ‘ఎంత పిసినారులు!’ అనుకున్నాను. తర్వాత ఆ గ్లాసులు అందుకున్న చేతులు చూశాను. కొన్ని మందులకు చేతులు వణుకుతాయి. నిండు గ్లాసైతే ఒంటిమీద ఒలుకుతుంది. ఎవరూ ఎవరి చేతులవైపూ చూడరు, కారణం చెప్పుకోరు. సగమే పోస్తారు, కావాలంటే మళ్లీ పోస్తారు. ముక్కున వేలేసుకుందామంటే నాకు ముక్కైతే ఉంది గానీ వేలు లేదు.

ఒక శనివారం గౌరీశ్వరి గ్లాసు ముట్టలేదు. జాకెట్లు కుట్టే పిల్ల. ఎవరూ లేనిచోట ఆమెకు వినిపించే గొంతులు మందులతో అణిగాయి గానీ, చేతులు వణికి సూదిలోకి దారం ఎక్కడం లేదు.

“మాత్రలు మానెత్తాను బాబాయ్,” అంది. “కుట్టు లేకపోతే నానేటి?”

కిందటిసారి మానేసినప్పుడు ఆమె ఇల్లు మరిచి ఊళ్లు పట్టుకు తిరిగింది. ఈసారి వెతికితే దొరుకుతుందో లేదో. నాకు భయమేసింది.

అసిరయ్య నీతులు చెప్పలేదు. “నానూ మానేసినానమ్మా. టిక్కెట్టు సింపుతుంటే సేతులొణికేవి. తాగొచ్చినాడనీవోరు. మానేసినాక నాకినిపించే గొంతు మళ్లీ వచ్చింది. ఈసారి మా యావిడ గొంతుతో పిలిసింది. నడిదారిలో బస్సొదిలేసి ఎల్లిపోనాను.” తన రెండు చేతులూ ముందుకు చాపాడు. అవి వణుకుతున్నాయి. “సోమవారం నీతో నానొస్తాను. సేతులొణుకుతున్నాయని డాట్రుబాబుకి సెప్దాం. సెప్పకపోతే ఆయనకెలా తెలుస్తాది? అందాకా మాత్ర మానకు తల్లీ.”

“నవ్వితే?”

“నవ్వితే ఇద్దర్నీ సూసి నవ్వాల.”

సోమవారం ఇద్దరూ వెళ్లారు. డాక్టరు నవ్వలేదు, మందు తగ్గించి, మరొకటి రాశాడు. వణుకు తగ్గింది, పూర్తిగా పోలేదు.

కొన్ని వారాలకు గౌరీశ్వరి సూదీ దారం తెచ్చింది. “సొక్కా ఇప్పు బాబాయ్, గుండీ ఊడిపోనాది,” అంది. అసిరయ్య బనియనుతో కూర్చున్నాడు. దారం బెజ్జం పక్కనుంచి జారింది. మళ్లీ జారింది. సాయం చేయబోయి అసిరయ్య చెయ్యి లేచింది. అంతలోనే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కరూ కదల్లేదు. నా కడుపులో టీ చల్లారిపోతున్నా ఎవరికీ పట్టలేదు. నాకు సొట్ట పడితే సుత్తితో కొట్టి బాగుచేశారు. మనిషిని ఇలా ముట్టుకోకుండా, ఊపిరి బిగబట్టి పక్కన కూర్చుని బాగుచేయొచ్చని నాకు తెలియదు. ఆ ఆశ్చర్యం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

దారం ఎక్కింది.

గుండీ కాస్త వంకరగానే కుదిరింది. అసిరయ్య చొక్కా తొడుక్కుని, ఆ గుండీ పెట్టుకుని, చాలాసేపు దానిమీద నుంచి చెయ్యి తీయలేదు.