మాస్టారికి రాని మాట

ఆ పేటలో ఇంగ్లీషు కాగితం ఎవరింటికొచ్చినా ముందు ఏసురాజు మాస్టారి అరుగెక్కాల్సిందే. మిషను బడిలో ఇరవయ్యేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్న మనిషి. తనకు తెలియని మాట దొరల దేశంలో కూడా పుట్టలేదని ఆయన నమ్మకం. పేట నమ్మకమూ అదే. నమ్మకానికేం, ఖర్చా?

అరవయ్యెనిమిదో సంవత్సరం దసరా సెలవుల్లో జూటుమిల్లు కార్మికుడు దాలయ్య ఓ కాగితం పట్టుకొచ్చాడు. పక్కవాడి చెయ్యి యంత్రంలో ఇరుక్కుంటే, మేస్త్రీని అడగకుండా యంత్రం ఆపేశాడు. అదీ అతను చేసిన నేరం. వచ్చే మంగళవారం విచారణకు రమ్మని మిల్లువాళ్ళు రాశారు. ఆ మంగళవారమే విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ. పెళ్ళాం గున్నమ్మ పురిటిగండం గట్టెక్కినందుకు, ఆ రోజు ఇద్దరూ తడిబట్టలతో అమ్మవారి గుడికి నడిచి వెళ్తామని మొక్కుకున్నారు.

"ఆ దినం ఎల్లకపోతే ఏటవుతాది మాస్టారూ? మొక్కు తప్పితే అమ్మోరు ఊరుకోదు. పని పోతే మా పొయ్యిలో పిల్లి లేవదు."

మాస్టారు చదివాడు. రాకపోతే నిన్ను 'కంట్యుమేషియస్'గా పరిగణిస్తాం అని ఉంది. అక్కడ ఆగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. లాటిన్‌లోంచి వచ్చిన మాట అని వాసన పట్టాడు గానీ అర్థం మాత్రం చిక్కలేదు. నిఘంటువు బడి బీరువాలో ఉంది. బీరువా తాళం హెడ్మాస్టరుతో పాటు కోటబొమ్మాళి వెళ్ళింది. నాకు తెలీదు, ఇంకెవరినైనా అడుగు అంటే సరిపోయేది. కానీ అరుగు చుట్టూ పదిమంది ఉన్నారు, గుమ్మంలో భార్య కాంతం ఉంది. ఆ ఒక్క ముక్కకు ఆయన నోరు పెగల్లేదు.

ఇది లాటిన్ మాట, పెద్ద కోర్టుల్లో వాడతారని చెప్పాడు. "నువ్వు రాకపోతే వాయిదా వేసినట్టు లెక్క. నిశ్చింతగా మొక్కు తీర్చుకో" అన్నాడు.

దాలయ్య రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు.

సిరిమాను పండగ అయ్యాక, బడి తెరిచిన రోజు మాస్టారు బీరువా తీయించి మొట్టమొదట ఆ మాటే వెతికాడు. పిలుపును ధిక్కరించిన మొండివాడు అని ఉంది. అప్పుడైనా మిల్లుకు పరిగెత్తి, తప్పు నాది, దాలయ్యది కాదని చెప్పొచ్చు. ఇంటికొచ్చి కాంతానికి చెప్పుకున్నాడు, అంతే. పిరికితనానికి పరువని పేరు పెట్టుకున్నవాడు అంతకంటే ఏం చేస్తాడు?

నాలుగు రోజులకు దాలయ్య రెండో కాగితం తెచ్చాడు. అక్షరం ముక్క రాకపోయినా ఆ పొడుగాటి మాట రూపు గుర్తుపట్టి దానిమీద వేలు పెట్టాడు. "ఇదే మాట మళ్ళీ ఉన్నాది మాస్టారూ. ఇంకో వాయిదా ఇచ్చినారేటి?"

పనిలోంచి తీసేశారని మాస్టారు చెప్పాడు. ఎందుకని దాలయ్య అడిగాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

"మిల్లువాళ్ళు మాట తప్పార్రా" అన్నాడు.

లోపల వింటున్న కాంతం తలుపు దగ్గరగా వేసేసుకుంది.

దాలయ్య కాగితం మడిచి బొడ్లో దోపుకున్నాడు. తర్వాత తలెత్తితే మాస్టారి కళ్ళలో నీళ్ళు కనిపించాయి.

"మీరు బాదపడకండి బాబూ. ఇందులో మీ తప్పేటున్నాది?" అని, పని పోయినవాడు దగ్గరకొచ్చి మాస్టారి చెయ్యి పట్టుకుని ఓదార్చాడు. మాస్టారు ఓదార్పించుకున్నాడు.